ఎడారి, ద్రాక్షతోటలు, సముద్రం: కాలిఫోర్నియాలో ఇద్దరి కారు ప్రయాణం ఎలా వేసుకోవాలి

నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగస్‌లో కారు అద్దెకు తీసుకోవడం, డెత్ వ్యాలీ ఎడారి పార్కులో రెండు రాత్రులు, పాసో రోబుల్స్ ద్రాక్షతోటల్లో మూడు, కేంబ్రియాలో ఒకటి, బిగ్ సర్ అనే కొండల తీరం దాటి మాంటెరీలో ఒకటి, ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో. ఈ దారి చెప్పగానే చాలామంది వేసే మొదటి ప్రశ్న ‘మొత్తం ఎన్ని మైళ్ళు?’ అని. మధ్యలో తిరుగుళ్ళతో కలిపి 900 మైళ్ళకు అటూ ఇటూ. వారానికి అది పెద్ద దూరమేమీ కాదు. ప్రయాణం చెడగొట్టేది వేరే ఉంది. ఎడారిలో పని తెల్లవారుజామునా సాయంత్రమూ మాత్రమే. వైన్ తయారుచేసి రుచి చూపించే వైనరీలు పదీ పదకొండుకు తెరుస్తాయి, నాలుగూ ఐదుకల్లా మూసేస్తాయి. తీరంలో పొగమంచు విడిచేసరికి చాలా రోజులు బారెడు పొద్దెక్కుతుంది. మ్యాపు చూసి గీసుకున్న ప్లానులో ఈ మూడు వేళలూ కనబడవు. మిట్టమధ్యాహ్నం ఎడారికీ, మూసేశాక తోటకీ, మంచులో సముద్రానికీ చేరి, ఇద్దరూ చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాళ్ళు ఇందుకే ఉంటారు. అందుకని ముందు వేళలు రాసుకోండి, మైళ్ళ సంగతి తర్వాత.

ముందు నెల తేల్చుకోండి

మూడు చోట్లకూ ఒకేసారి బాగుండే రోజులు ఏడాదిలో రెండు ముక్కలే: అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు మొదటి వారం వరకు, మళ్ళీ మార్చి నడుమ నుంచి ఏప్రిల్ చివరి వరకు.

వేసవి సెలవుల్లో ఈ దారి పెట్టుకోకండి. జులైలో డెత్ వ్యాలీ పగటి ఉష్ణోగ్రత సగటునే 47 డిగ్రీల సెల్సియస్. 1913 జులై 10న అక్కడి ఫర్నేస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీలే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. అదే వేసవిలో తీరమంతా పొగమంచు. సముద్రపు చల్లటి నీటి మీదుగా వచ్చే గాలి లోపలి వేడికి ఎదురై, ఒడ్డున మబ్బులా పరుచుకుంటుంది. ఎడారిలో మాడి, బిగ్ సర్‌లో ఏమీ కనబడక వెనక్కి రావడమే అవుతుంది.

శీతాకాలం డెత్ వ్యాలీకి బంగారం లాంటిది. తీరానికి మాత్రం కాదు: వానలకు కొండచరియలు విరిగి తీరం వెంట సాగే హైవే 1 మూసుకుపోతుంది.

నన్నడిగితే అక్టోబరు చివరి వారాలు. తీరం బాగా తేటపడే కాలం అది, ద్రాక్ష కోతల హడావుడి ఇంకా కాస్త మిగిలి ఉంటుంది, ఎడారిలో మధ్యాహ్నం కూడా తట్టుకోగలిగేలా ఉంటుంది. ఒక్క మెలిక: అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ముందు రోజు ఆరింటి దరిదాపుల్లో కుంకిన సూర్యుడు ఆ రోజు ఐదింటికల్లా వెళ్ళిపోతాడు. హైవే 1 వెలుతురులో నడపాల్సిన దారి కనుక తీరం భాగం ఆ ఆదివారానికి ముందే అయ్యేలా చూసుకోండి.

వసంతంలో వెళ్తే తోటలు లేత చిగురుతో ఉంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి. అక్టోబరుకి ఆ కొండలే ఎండిన గడ్డితో గోధుమ రంగుకు తిరుగుతాయి. ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళకు ఏప్రిలే మేలు.

కారు, కాగితాలు

ఈ దారికి పెద్ద ఎస్‌యూవీ అక్కర్లేదు, మామూలు సెడాన్ చాలు. డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సు లాంటి కొన్ని చోట్లకు ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి. కానీ చాలా అద్దె ఒప్పందాల్లో మట్టిరోడ్డెక్కితే బీమా వర్తించదని రాసే ఉంటుంది. కాబట్టి ఆ చోట్లు మరచిపోండి. ఎలక్ట్రిక్ కారు కూడా ఈసారికి వద్దు, ఎడారిలో ఛార్జింగ్ చోట్లు తక్కువ. హైబ్రిడ్ దొరికితే హాయి.

ఒక రాష్ట్రంలో తీసుకుని ఇంకో రాష్ట్రంలో అప్పగిస్తే వన్ వే రుసుము పడుతుంది. రోజు అద్దె చూసి మురిసిపోకుండా మొత్తం బిల్లు చూశాకే బుక్ చేయండి. 25 ఏళ్ళ లోపు వాళ్ళయితే రోజుకింతని అదనం. ఇద్దరి పేర్లూ డ్రైవర్లుగా ఒప్పందంలో ఉండాలి. జీవిత భాగస్వామికి చాలా కంపెనీలు అదనంగా తీసుకోవు, కౌంటర్లో అడగండి. ‘నేనే నడుపుతాలే’ అనుకుని రెండో పేరు వదిలేస్తే, ద్రాక్షతోటల దగ్గర ఎంత చిక్కో ముందు ముందు తెలుస్తుంది.

ఇండియా నుంచి వస్తున్నవాళ్ళకు: 18 ఏళ్ళు నిండిన సందర్శకులు చెల్లుబాటయ్యే సొంత దేశపు లైసెన్సుతో కాలిఫోర్నియాలో నడపవచ్చు. అయినా ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంటే అద్దె కౌంటర్లో వాదన ఉండదు. కుడివైపు నడపడం అరగంటలో అలవాటవుతుంది. అలవాటు కానిది స్టాప్ బోర్డు. అక్కడ చక్రం పూర్తిగా ఆగాలి, ఎవరూ లేకపోయినా ఆగాలి. నాలుగు వైపులా స్టాప్ ఉన్న కూడలిలో ముందొచ్చిన బండి ముందు వెళ్తుంది, హారన్ ఎవరూ కొట్టరు. ఎర్రలైటు ఉన్నా పూర్తిగా ఆగి, చూసుకుని కుడికి తిరగవచ్చు, వద్దని బోర్డు ఉంటే తప్ప.

ఇంకో చిన్న విషయం, కానీ చీకటి పడ్డాక ఏడిపించేది. పెట్రోలు పంపు కార్డు పెట్టగానే జిప్ కోడ్ అడుగుతుంది. మన బ్యాంకు కార్డులు అక్కడ ఆగిపోవచ్చు. లోపల కౌంటర్‌కి వెళ్ళి పంపు నంబరు, ఎంతకు కావాలో చెప్పి ముందే డబ్బు కట్టేయండి.

డెత్ వ్యాలీ: రెండు రాత్రులు

వేగస్ నుంచి పహ్రంప్ అనే ఊరి మీదుగా ఫర్నేస్ క్రీక్‌కి సుమారు 120 మైళ్ళు, రెండు గంటల పైచిలుకు. పహ్రంప్‌లోనే అన్నీ కొనుక్కోండి: టాంకు నిండా పెట్రోలు, ఐస్ పెట్టె, పండ్లు, రొట్టె, పెరుగు, నీళ్ళు. పార్కులో మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు ఉంచుకోమంటారు. అది చల్లటి నెలలకూ వర్తిస్తుంది. లోపల ఫర్నేస్ క్రీక్, స్టవ్‌పైప్ వెల్స్, పానమింట్ స్ప్రింగ్స్ దగ్గర పెట్రోలు దొరుకుతుంది గానీ ధర చూసి గుండె ఝల్లుమంటుంది. తినే చోట్లూ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే, శాకాహారులకు ఇంకా తక్కువ.

ప్రవేశ రుసుము కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. వెళ్ళే ముందు పార్కు వెబ్‌సైటులో ఏ రోడ్లు తెరిచి ఉన్నాయో చూడండి. ఎడారిలో వాన వచ్చిందంటే రోడ్డే కొట్టుకుపోతుంది. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను తర్వాత పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది. బాడ్‌వాటర్ ఉప్పుమైదానంలో ఏకంగా చెరువు వెలిసింది.

బస ఫర్నేస్ క్రీక్‌లోగానీ స్టవ్‌పైప్ వెల్స్‌లోగానీ పెట్టుకోండి. ఖర్చు తగ్గించాలంటే పార్కు బయట బీటీ ఊళ్ళో గదులు చవక. కానీ అక్కడ ఉంటే సూర్యోదయానికి చీకట్లో నలభై మైళ్ళు నడపాలి. ఈ ప్రయాణం మొత్తంలో డబ్బు ఎక్కువ పెట్టదగిన రాత్రులు ఈ రెండే అని నా అభిప్రాయం. తీరంలో పొదుపు చేయండి, ఇక్కడ వద్దు.

మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి, గదిలో సామాను పడేసి, సూర్యాస్తమయానికి గంటన్నర ముందు మెస్కిట్ ఫ్లాట్ ఇసుకదిబ్బలకు వెళ్ళండి. ఇవి స్టవ్‌పైప్ వెల్స్ పక్కనే. పార్కింగ్ దగ్గరి ఇసుకంతా అడుగుజాడలే. పావుగంట లోపలికి నడిస్తే గాలి దిద్దిన అలలు చెక్కుచెదరకుండా ఉంటాయి. వెలుగు ఏటవాలుగా పడేకొద్దీ దిబ్బల అంచులు కత్తిలా తేలతాయి. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడుతుంది, తలకు కట్టుకునే లైటు ఒకటి ఉంచుకోండి. కారున్న దిక్కు ముందే ఏదైనా కొండ గుర్తుతో పెట్టుకోండి.

ఆ రాత్రే ఆకాశం చూడాలి. రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే చోట్లకు ఇచ్చే అంతర్జాతీయ డార్క్ స్కై గుర్తింపు 2013లో ఈ పార్కుకు వచ్చింది. అమావాస్యకు అటూ ఇటూ వెళ్తే పాలపుంత కళ్ళతోనే కనబడుతుంది. పున్నమికి వెళ్తే నక్షత్రాలు పోతాయి, బదులుగా వెన్నెల్లో ఉప్పుమైదానం. రెండూ బాగుంటాయి. కానీ ఏది కావాలో క్యాలెండరు చూసి ఎంచుకోండి, తీరా వెళ్ళాక చంద్రుణ్ణి తిట్టుకోకుండా.

రెండో రోజు అలారం పెట్టుకుని లేవాల్సిందే. జబ్రిస్కీ పాయింట్‌కు సూర్యోదయానికి అరగంట ముందుండాలి. అక్టోబరు నడుమ అయితే సూర్యోదయం ఏడింటికి కాస్త ముందు. ఎండ మొదట ఎదుటి పానమింట్ కొండల కొసలను తాకుతుంది, తర్వాత మెల్లగా కిందికి దిగి పసుప్పచ్చ మట్టి మడతల మీదికి వస్తుంది. సూర్యుడు పైకొచ్చాడు కదా అని చాలామంది వెంటనే వెళ్ళిపోతారు. మీరు ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి, అసలు రంగులు అప్పుడే.

అక్కణ్ణుంచి నేరుగా బాడ్‌వాటర్. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన, ఉత్తర అమెరికాలో అన్నిటికంటే లోతైన నేల ఇది. వెనక్కి తిరిగి కొండ మీదికి చూస్తే సముద్రమట్టం ఎక్కడో చూపే బోర్డు చిన్నగా కనబడుతుంది. ఉప్పు మీద ఓ మైలు నడిచి రండి. తిరుగుదారిలో ఆర్టిస్ట్స్ డ్రైవ్. తొమ్మిది మైళ్ళ వన్ వే, లోహాల ఖనిజాల వల్ల ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగులు దిద్దుకున్న కొండలు. దీన్ని మధ్యాహ్నం తర్వాత చూడమనే సలహా కూడా ఉంది. ఎండ నెత్తిన ఉన్నప్పుడు మాత్రం వెళ్ళకండి, రంగులన్నీ వెలిసిపోయినట్టుంటాయి.

పదకొండు నుంచి నాలుగు దాకా గది, నిద్ర, పుస్తకం. ఊరికే ఉండలేని మనిషి జంటలో ఒకరైనా ఉంటారు కదా, వాళ్ళ కోసం డాంటేస్ వ్యూ ఉంది. 1,669 మీటర్ల ఎత్తులో ఉంటుంది గనుక కింద వేడిగా ఉన్నా అక్కడ చల్లగానే ఉంటుంది. పొద్దున నడిచిన ఉప్పంతా తెల్లటి చారలా కిందికి పరుచుకుని కనిపిస్తుంది.

ఫోనుకు సిగ్నల్ ఉండదని ముందే అనుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతమంతా ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. కాగితపు మ్యాపు కూడా ఒకటి తీసుకోండి, ఎందుకంటే ఫోను దగ్గరిదారి అని చూపేది ఒక్కోసారి ఎవరూ తిరగని మట్టిబాట. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి. నడిచి వెళ్ళి సాయం తెస్తామనుకోవడమే ఈ ఎడారిలో ప్రాణాల మీదికి తెచ్చేది.

దాటే రోజు

మూడో రోజు పొడుగైనది. ఫర్నేస్ క్రీక్ నుంచి పాసో రోబుల్స్‌కి సుమారు 350 మైళ్ళు, ఆరేడు గంటలు. ఈ రోజుకు వేరే ఏ పనీ పెట్టుకోకండి. ఏడింటికి బయల్దేరితే దారిలో ఆగుతూ కూడా వెలుతురుండగా చేరతారు.

హైవే 190 మీద పడమటికి వెళ్తే టౌన్ పాస్ ఎక్కాలి. లోయ నుంచి 1,500 మీటర్ల దాకా ఒకే బిగిన ఎక్కుడు. వేడి రోజయితే ఇంజను కాగకుండా ఏసీ ఆపి, కిటికీలు దించుకోండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి, చిన్న గేరు వేసుకుని దిగండి. ఆ తర్వాత ఫాదర్ క్రౌలీ దగ్గర ఒక్కసారి ఆగి లోయ చూసుకుని, ఒలాంచా దగ్గర హైవే 395 ఎక్కి దక్షిణానికి తిరగాలి.

బేకర్స్‌ఫీల్డ్ చేరడానికి రెండు దారులు. లేక్ ఇసబెల్లా మీదుగా వెళ్ళే హైవే 178 అందంగా ఉంటుంది గానీ చివర కెర్న్ నది లోయలో ఇరుకు మలుపులు. మోజావే, టెహాచపీ మీదుగా హైవే 58 విశాలమైన రోడ్డు, కొండల నిండా గాలిమరలు. అప్పటికే మెడ పట్టేసి ఉంటే ఆలోచించకుండా 58. గంటన్నరకొకసారి డ్రైవరు మారండి. పక్క సీటు వాళ్ళది దారి చూపే పని, చక్రం పట్టినవాళ్ళది నడిపే పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకపోతే ఈ ఆరు గంటలూ సాఫీగా సాగుతాయి.

బేకర్స్‌ఫీల్డ్ దాటాక హైవే 46 మీద పడమటికి. మొదట బాదం, పిస్తా తోటలు, చమురు బావులు, ఆ తర్వాత ఖాళీ కొండలు. షొలాం దగ్గర, 46, 41 రోడ్లు కలిసే చోట 1955 సెప్టెంబరు 30న నటుడు జేమ్స్ డీన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. సాయంత్రం పడమటికి నడిపేవాళ్ళకు సూర్యుడు సూటిగా కళ్ళలో పడే దారి అది, చలవ కళ్ళద్దాలు చేతికందేలా ఉంచుకోండి.

పాసో రోబుల్స్: నడిచే రోజు, నడిపే రోజు

వైన్‌కు పేరుపడ్డ నాపా లోయ ఎందుకు వద్దు అంటారేమో. నాపా గొప్పదే. కానీ ఈ దారికి అది పక్కకు పడుతుంది, ఖర్చు ఎక్కువ, చాలా చోట్ల టేస్టింగ్ ఒక పెద్ద తంతులా ఉంటుంది. పాసో రోబుల్స్‌లో 200కు పైగా వైనరీలున్నాయి. ఇంకా చాలా చోట్ల గ్లాసులో పోసేవాళ్ళు తోట గురించి తీరిగ్గా మాట్లాడతారు. కొత్తగా రుచి నేర్చుకునేవాళ్ళకు ఇదే నయం.

ఇక్కడి ద్రాక్ష రుచికి కారణం గాలి. పడమటి కొండల్లో టెంపుల్టన్ గ్యాప్ అనే సందు ఉంది. పగలంతా ఎండ కాసి, సాయంత్రానికి ఆ సందులోంచి సముద్రపు చల్లగాలి దూరుతుంది. ఒకే రోజులో పగటికీ రాత్రికీ ఇరవై డిగ్రీల సెల్సియస్ దాకా తేడా రావచ్చు. పగటి వేడికి పండు తీపెక్కుతుంది, రాత్రి చలికి పులుపు నిలబడుతుంది. ఊరికి పడమర ఎడెలైడా వైపు కొండలు, సున్నపురాతి నేల. తూర్పున విశాలమైన మైదానం. జిన్‌ఫండెల్ అనే ద్రాక్ష రకం ఇక్కడ పాత పంట. ఫ్రాన్సులోని రోన్ లోయ రకాలు, సిరా, గ్రెనాష్, మూర్వెద్ర్ లాంటివి, బాగా పాతుకోవడానికి 1989లో మొదలైన టాబ్లాస్ క్రీక్ వైనరీ పెద్ద కారణం. ఫ్రాన్సు నుంచి తీగలు తెప్పించి, క్వారంటీన్ దాటించి, ఇక్కడ నాటి, ఇతర రైతులకూ అమ్మారు.

ఇప్పుడు అసలు చిక్కు. రుచి చూసేది ఇద్దరూ, కారు నడిపేది ఎవరు? కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం ఉంటే నేరం. అంతకంటే తక్కువున్నా బండి నడపడం తడబడితే పట్టుకోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళకు జరిమానాతో పోదు: తాగి నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టు తేల్చకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయగలదు, చేస్తోంది కూడా. విద్యార్థులూ ఉద్యోగులూ ఇది తేలిగ్గా తీసుకోకండి. తెరిచిన సీసా కారు ముందు భాగంలో ఉన్నా తప్పే, డిక్కీలో పెట్టాలి.

కాబట్టి రెండు రోజులనూ ఇలా విడగొట్టండి. మొదటి రోజు కారు ముట్టుకోవద్దు. ఊరి నడుమ పార్కు చుట్టూ నడిచి వెళ్ళగలిగేంత దూరంలో టేస్టింగ్ గదులు బోలెడు. బస అక్కడే తీసుకుంటే ఇద్దరూ నిశ్చింతగా రుచి చూడవచ్చు. రెండో రోజు పడమటి కొండలకు కారులో వెళ్ళండి, ఒకరే రుచి చూడాలి. లేదంటే డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకోండి. నడిపేవాళ్ళు రుచి చూసి ఉమ్మేస్తే సరిపోతుంది కదా అనే తెలివి వద్దు, నోట్లో కొంత దిగుతూనే ఉంటుంది.

రోజుకు మూడు వైనరీలు, అంతకు మించి వద్దు. నాలుగోదాంట్లో ఏ గ్లాసైనా ఒకేలా ఉంటుంది. మొదటిది పదకొండింటికి, మధ్యలో కడుపు నిండా భోజనం, చివరిది మూడున్నరకు మొదలయ్యేలా ముందే బుక్ చేసుకోండి. టేస్టింగ్ అంటే నాలుగైదు రకాలు, ఒక్కోటి రెండు మూడు గుక్కలు. ఇద్దరూ ఒక టేస్టింగ్ పంచుకోవడం చాలా చోట్ల మామూలే, మొహమాటపడకండి. సీసా కొంటే రుసుము తీసేసే చోట్లూ ఉన్నాయి. 21 నిండాయని చూపడానికి పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి.

పోసిన వరుసలోనే తాగండి: తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తీపివి ఆఖర్న. మొదటి గుక్కకు తీర్పు చెప్పకండి. రెండో గుక్కకు నోరూరితే అందులో పులుపు బాగుందని. చిగుళ్ళు పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తే అది టానిన్ల వగరు, మాంసం కూరతోనో చీజ్‌తోనో తీసుకుంటే తగ్గుతుంది. నచ్చకపోతే పక్కనున్న బకెట్లో పోసేయండి, అది ఉన్నదే అందుకు. ఆ రోజు సెంటు కొట్టుకోకండి, పక్కవాళ్ళ ముక్కు కూడా చెడుతుంది.

చివర్లో వైన్ క్లబ్బులో చేరమని నవ్వుతూ అడుగుతారు. నాలుగో గ్లాసు తర్వాత ఎవరికైనా మంచి ఆలోచనలాగే కనిపిస్తుంది. చేరితే ఏడాదికి కొన్నిసార్లు మీ కార్డు నుంచి డబ్బు పోతుంది, సీసాలు అమెరికా చిరునామాకే వస్తాయి. రేపు చెప్తామని బయటపడండి.

ఇద్దరిలో ఒకరు అసలు తాగనివాళ్ళయితే వాళ్ళను డ్రైవరుగా వాడుకుని వదిలేయకండి. చుట్టుపక్కల ఆలివ్ నూనె తీసే తోటలున్నాయి, అక్కడా వరుసగా రుచి చూపిస్తారు. సాయంత్రం సెన్సోరియోకు వెళ్ళండి. బ్రూస్ మన్రో అనే కళాకారుడు 2019లో కొండవాలు మీద వేలకొద్దీ కాంతి కాడలు నాటాడు. పొద్దు గూకేకొద్దీ నేలంతా రంగులు మారుతుంది. వారంలో అన్ని రోజులూ ఉండదు, టికెట్టు ముందే తీసుకోవాలి.

కొన్న సీసాలు ఎండలో నిలిపిన కారులో పెట్టొద్దు. గంటలో ఉడికిపోతాయి. ఎడారి నుంచి తెచ్చిన ఐస్ పెట్టె ఇక్కడ అక్కరకొస్తుంది.

తీరం

46 మీద పడమటికి కొండ దాటితే కేంబ్రియా. అరగంట పైచిలుకు దారి. శిఖరం దగ్గర ఒక మలుపులో ఒడ్డునున్న మోరో రాక్ అనే పెద్ద బండ దాకా సముద్రమంతా ఒక్కసారిగా కనిపిస్తుంది, అక్కడ ఆగడానికి చోటు ఉంది. కేంబ్రియాలో రాత్రి ఉండి, మధ్యాహ్నం ఉత్తరాన శాన్ సిమియన్ వైపు వెళ్ళి రండి. హర్స్ట్ కాసిల్ అనే భవంతి దాటిన కొన్ని మైళ్ళకు పీడ్రాస్ బ్లాంకాస్ దగ్గర ఒడ్డంతా ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువులు. టికెట్టు లేదు, చెక్క వంతెన మీంచి చూడటమే. డిసెంబరు నుంచి మార్చి వరకు మగవాటి పోట్లాటలూ పిల్లల పుట్టుకలూ, అక్టోబరులో ఎక్కువగా కుర్ర సీల్స్. వాస్తుశిల్పి జూలియా మోర్గన్ కట్టిన కాసిల్ కూడా గొప్పదే గానీ, సమయం ఒక్కదానికే ఉంటే నా ఓటు సీల్స్‌కి.

మర్నాడు బిగ్ సర్. కేంబ్రియా నుంచి కార్మెల్‌కి సుమారు వంద మైళ్ళు. ఆగకుండా మూడు గంటలు, ఆగుతూ రోజంతా. బయల్దేరే ముందు, ముందు రాత్రే, రాష్ట్ర రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వారి క్విక్‌మ్యాప్ వెబ్‌సైటులో హైవే 1 తెరిచి ఉందో లేదో చూడండి. 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి ఏడాదికి పైగా దారి తెగింది. 2023 జనవరి నుంచి మొదలైన చరియల వల్ల మళ్ళీ రెండేళ్ళకు పైగా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళే వీల్లేకపోయింది. మూసి ఉంటే కంగారు పడకండి: పాసో నుంచి హైవే 101 మీద రెండు గంటల్లో మాంటెరీ చేరి, అక్కణ్ణుంచి కిందికి తెరిచి ఉన్నంత వరకు వెళ్ళి రావచ్చు. చూడదగ్గవి ఎక్కువ ఉత్తరం వైపే ఉన్నాయి.

టాంకు కేంబ్రియాలో నింపండి. మధ్యలో పెట్రోలు ధర డెత్ వ్యాలీని గుర్తు చేస్తుంది, ఫోను సిగ్నల్ కూడా అంతే. తొమ్మిదికి ముందు బయల్దేరి లాభం లేదు, మంచు విడవాలి.

ఉత్తరానికి నడిపితే మీ బండి కొండవైపు ఉంటుంది. దక్షిణానికి నడిపితే సముద్రం వైపు. దృశ్యాల దగ్గర ఆగడానికి దక్షిణ దిశ సులువు. అయితే లోయ అంచు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళకు ఉత్తర దిశే నిమ్మళం. మన ప్లాను ఉత్తరానికే గనుక, ఎదురు వరుస దాటి ఎడమకు తిరిగేటప్పుడు తొందర వద్దు. వెనక ఐదు బండ్లు చేరితే పక్కకు తీసి దారి ఇవ్వాలని చట్టమే ఉంది. సముద్రం చూస్తూ నెమ్మదిగా నడపడం మీ హక్కే, వెనకాల ఊరేగింపు పెట్టుకోవడం కాదు.

మెక్‌వే జలపాతం సముద్రపు ఒడ్డు మీదికే దూకుతుంది. కిందికి దిగనివ్వరు, పైన కాలిబాట నుంచే చూడాలి. ఫైఫర్ బీచ్‌కు దిగే రోడ్డు ఇరుకు, పొద్దుటే చోటు నిండిపోతుంది. 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన దగ్గర ఫోటో కోసం రోడ్డు మధ్యలో ఆగేవాళ్ళుంటారు. మీరు చోటు దొరికితేనే ఆగండి, దొరక్కపోతే వదిలేయండి. ఈ తీరంలో స్నానాలు పెట్టుకోకండి. నీళ్ళు ఏడాదంతా చల్లగానే ఉంటాయి, ఉన్నట్టుండి వచ్చే పెద్ద అల రాళ్ళ మీంచి మనుషులను లాక్కుపోతుంది. అలల వైపు వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకండి.

మాంటెరీలో రాత్రి. పొద్దున అక్వేరియం చూడదల్చుకుంటే తెరవగానే వెళ్ళండి, పదకొండయ్యేసరికి బడిపిల్లలతో నిండిపోతుంది.

కారు వదిలేయండి

మాంటెరీ నుంచి రెండు గంటల్లో శాన్ ఫ్రాన్సిస్కో. ఊళ్ళోకి కారుతో వెళ్ళొద్దు. విమానాశ్రయం దగ్గరే అప్పగించి బార్ట్ రైలు ఎక్కండి. నగరంలో పార్కింగ్ ఖర్చు ఒక ఎత్తు, యాత్రికులు ఆగే చోట్ల కారు అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకెళ్ళడం ఇంకో ఎత్తు. కారుతో గోల్డెన్ గేట్ వంతెన దాటాల్సి వస్తే అక్కడ నగదు తీసుకోరని గుర్తుంచుకోండి, టోలు అద్దె కంపెనీ ద్వారా దాని సొంత రుసుముతో కలిపి వస్తుంది.

సీసాలు చేతిసంచీలో వెళ్ళవు. చెక్ ఇన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టండి, 24 శాతం లోపు ఆల్కహాలుకు విమానం వైపు నుంచి పరిమితి లేదు. ఇండియాలో దిగేవాళ్ళకు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు, అంటే మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలు తలా రెండు. ఇద్దరికీ కలిపి నాలుగు. ఏ నాలుగనేది పాసోలో రెండో రోజు సాయంత్రమే తేల్చుకోండి, విమానాశ్రయంలో సూట్‌కేసు విప్పుకుని కూర్చోకుండా.